ఏడు చేపల కథ, ఒకే ఎర్ర దారం: ఒక రెడ్‌వర్క్ క్విల్ట్ కేస్ స్టడీ

ఈ కేసులో తయారైంది ఒక పిల్లల క్విల్ట్, అంటే బొంతలాంటి దుప్పటి. 41 అంగుళాల వెడల్పు, 51 అంగుళాల పొడవు. తెల్ల కాటన్ మీద ఎర్ర దారంతో పన్నెండు బొమ్మలు, వాటి మధ్యా, చుట్టూ అంగుళం వెడల్పు ఎర్ర పట్టీలు, ఆ బయట అయిదంగుళాల తెల్ల అంచు. రంగు ఒక్కటే, కుట్టు కూడా దాదాపు ఒక్కటే. ఈ పనిని రెడ్‌వర్క్ అంటారు. 1880ల నుంచి 1920ల దాకా అమెరికాలో ఇంటింటా నడిచిన కుట్టుపని ఇది. హైదరాబాద్‌లో దీన్ని అడిగి చేయించుకునేవాళ్లు అరుదు. మా దగ్గరికి వచ్చేవి మగ్గం వర్క్ బ్లౌజులు, పిల్లల ఫ్రాకుల మీద పూలు, ఎప్పుడైనా ఒక కుషన్ కవరు. అందుకే ఈ పని మొదటి నుంచి చివరి దాకా ఎలా సాగిందో రాసి పెడుతున్నాను. రెడ్‌వర్క్ అనగానే అందరూ కుట్టు గురించే అడుగుతారు. నా లెక్కలో సగం పైగా పని సూది పట్టకముందే అయిపోతుంది. ఏ గీత ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది తేలితే, కుట్టడం ఓపిక ఉన్న ఎవరికైనా వస్తుంది.

ఆర్డర్

కస్టమర్ మల్కాజిగిరిలో ఉండే ఒక రిటైర్డ్ టీచర్. మనవరాలు చికాగో దగ్గర ఉంటుంది, మూడో ఏడు నడుస్తోంది. ఆవిడ ఇంటర్నెట్‌లో వెతికి ప్రింట్లు తీయించుకుని మరీ వచ్చారు. అన్నిట్లోనూ పెద్ద బానెట్ టోపీలు, పొడుగు గౌన్లు, చేతిలో పూలబుట్ట పట్టుకున్న ఇంగ్లిష్ ఆడపిల్లలే. కేట్ గ్రీనవే (1846–1901) గీసిన పిల్లల బొమ్మల తరహా అది. రెడ్‌వర్క్ జోరుగా ఉన్న రోజుల్లో ఇలాంటి కథల పుస్తకాల బొమ్మలే ఎక్కువగా గుడ్డ మీదికి ఎక్కాయి. బొమ్మ అచ్చు వేసిన తెల్ల గుడ్డ ముక్కని ఒక్కో పెన్నీకి అమ్మేవాళ్లు, అందుకే వాటిని పెన్నీ స్క్వేర్లు అనేవాళ్లు. ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు ఒక్కొక్కటే కొనుక్కుని కుట్టుకుంటూ, తగినన్ని పోగయ్యాక కలిపి దుప్పటి చేసుకునేవాళ్లు.

"ఆంటీ, ఈ పిల్లలు ఏ కథలోవాళ్లు?" అని అడిగాను.

"ఏమోనమ్మా, పాతకాలం బొమ్మల్లాగా బాగున్నాయని తీయించా."

"పాపకి మీరు రోజూ ఏ కథ చెప్తారు?"

"వీడియో కాల్‌లో ఏడు చేపల కథే. వేరేది మొదలుపెడితే ఫోన్ తిప్పేస్తుంది."

అయితే మన కథ అదే అనుకున్నాం. పెన్నీ స్క్వేర్ల పద్ధతికి ఈ కథ అతికినట్టు సరిపోతుంది. ఒకదాని వెనక ఒకటి వచ్చే గొలుసు కథ కాబట్టి ఒక్కో మెట్టుకి ఒక్కో గడి. రాజు, ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, ఎండబెట్టడం, ఎండని చేప, గడ్డిమోపు, ఆవు, ఆవుని కాసేవాడు, అవ్వ, పిల్లవాడు, చీమ, బంగారు పుట్ట. లెక్కపెడితే పన్నెండు. వెడల్పున మూడు, పొడవున నాలుగు. ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

ఆవిడకి ఇంకో కోరిక కూడా ఉంది. చిన్నప్పటి పిల్లల పత్రికలు దాచుకున్నారు, అందులో బొమ్మలు వేయమన్నారు. అది కుదరదని చెప్పాల్సి వచ్చింది. మన దేశంలో బొమ్మ మీద హక్కు గీసినవాళ్ల జీవితకాలంతో పాటు ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. డబ్బు తీసుకుని చేసే పనిలో ఆ బొమ్మల్ని దించడం నాకిష్టం లేదు. గ్రీనవే బొమ్మలకి ఆ గడువు ఎప్పుడో దాటింది కానీ, మన పత్రికల బొమ్మలు చాలావాటికి దాటలేదు. ఏడు చేపల కథ మాత్రం ఏ ఒక్కరిదీ కాదు. బొమ్మలు మనమే గీసుకుంటే ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఏ పాఠం వేయాలన్నది కూడా ముందే తేల్చుకున్నాం. ఆవుని మేపనివాడు కొన్ని ఇళ్లలో గొల్లవాడు, కొన్ని ఇళ్లలో పాలేరు. ఆవిడ పుట్టిల్లు నల్గొండ వైపు, వాళ్లింట్లో జీతగాడు. బువ్వ పెట్టనిది ఒకచోట అవ్వ, ఒకచోట అమ్మ. పాపకి ఏది అలవాటో అదే కుట్టాలి. మూడేళ్ల పిల్ల దగ్గర ఒక్క మాట మారినా "అలా కాదు" అంటుంది.

గీతలు

రెడ్‌వర్క్‌లో రంగు నింపడం ఉండదు, నీడ ఉండదు. గీతే ఉంటుంది. ఆ గీత దారం లావున ఉంటుంది. చాలామంది పెన్సిల్‌తో సన్నగా, అందంగా గీసుకుని, కుట్టాక ఇదేంటి ఇలా ముద్దగా వచ్చిందని బాధపడతారు. నేను చివరి డ్రాయింగ్ ఎప్పుడూ లావు ములుకు ఉన్న ఎర్ర స్కెచ్ పెన్నుతో, గడి అసలు సైజులోనే వేస్తాను. రెండు పోగుల దారంతో కాడ కుట్టు (స్టెమ్ స్టిచ్) వేస్తే ఎంత లావు వస్తుందో దాదాపు అంత లావు గీత. గోడకి అంటించి నాలుగడుగుల దూరం నుంచి చూస్తాను. రెండు గీతల మధ్య మూడు మిల్లీమీటర్ల కన్నా తక్కువ సందు ఉంటే అక్కడ ఒక గీత పోవాల్సిందే. ఏది పోవాలన్నదే పేచీ.

గడి కుట్టు పూర్తయ్యాక తొమ్మిది అంగుళాలు. బొమ్మకి ఏడంగుళాల వెడల్పు, అయిదున్నర ఎత్తు, కింద ఒక అంగుళం పైచిలుకు అక్షరాలకి. ఈ కొలతలో ఏడుగురు కొడుకుల్ని ముందు నుంచి గీస్తే ఒక్కో ముఖం బొటనవేలి గోరంత అవుతుంది. అందులో కళ్లు, ముక్కు, మీసం పెడితే ఏడు ఎర్ర మచ్చలు మిగులుతాయి. అందుకే కొడుకుల్ని వెనక నుంచి చూపించాను. వేటకి వెళ్తున్నారు కాబట్టి వీపులే కనిపిస్తాయి. ఏడు తలపాగాలు, ఏడూ ఏడు రకాల చుట్టు. చివరివాడు ఒక్కడే వెనక్కి తిరిగి చూస్తాడు, వాడికే ముఖం. పాప వేలు ముందు వాడి మీదే ఆగుతుందని నా నమ్మకం.

రాజుకి ఈ కథలో మొదటి వాక్యం దాటితే పనే లేదు. అయినా ఆంటీ ఆయనకి కిరీటం, హారాలు, సింహాసనం, చామరాలు అన్నీ కావాలన్నారు. కిరీటానికి మూడు కొనలు, మీసం, ఒక దిండు. అంతటితో ఆపాను. మొదటి గడిలోనే చూపు చిక్కుకుపోతే మిగతా పదకొండూ వెలవెలబోతాయి.

ఏడు చేపల్లో ఎండనిది ఏదో ఎలా తెలియాలి? రంగులుంటే ఒకదానికి నీలం వేసి చేతులు దులుపుకోవచ్చు. ఇక్కడ ఆరు చేపల్ని తోకలు వంగి, కన్ను మూసినట్టు అడ్డ గీతతో, కడుపు లోపలికి పోయినట్టు గీశాను. ఏడోది నిండుగా ఉంటుంది, కన్ను గుండ్రంగా తెరిచి ఉంటుంది, తోక కొస నుంచి ఒక్క నీటి బొట్టు. ఎనిమిది బొట్లు పెట్టి చూశాను, వాన పడుతున్నట్టు ఉంది. ఒక్కటే బాగుంది.

గడ్డిమోపు అన్నిటికన్నా మోసకారి బొమ్మ. గడ్డి అంటే గీతలే కదా, గీస్తూ పోవచ్చు అనిపిస్తుంది. కుట్టాక అది ఎర్ర దిబ్బ అవుతుంది. మోపు బయటి అంచు, నడుముకి కట్టిన తాడు, పైన చెదిరిన పరకలు ఓ అయిదారు రెండు పోగులతో వేసి, లోపలి పరకలు నాలుగే, అవీ ఒంటి పోగుతో. చూసేవాళ్ల కన్ను మిగతాది తనే నింపుకుంటుంది.

ఆవు మాత్రం సులువుగా వచ్చింది. మూపురం, గంగడోలు, వేలాడే చెవి: ఈ మూడు వంపులు సరిగ్గా పడితే అది మన ఆవే. అవి లేకుండా ఎంత బాగా గీసినా పాల ప్యాకెట్ మీది జెర్సీ ఆవు అవుతుంది.

అవ్వ దగ్గర మా వర్క్‌షాప్‌లో గట్టి చర్చే నడిచింది. మా దగ్గర చేతి కుట్టు చూసే ఆమెది పాలమూరు వైపు. ఇంట్లో బొంతలు కుట్టి కుట్టి చేయి తిరిగిన మనిషి. నేను అవ్వకి నుదుటి మీద మూడు ముడతలు, కళ్ల పక్కన రెండేసి, నోటి చుట్టూ రెండు పెట్టి గోడకి అంటిస్తే ఆమె చూసి, "గీమె అవ్వ లెక్క లేదక్కా, మంత్రగత్తె లెక్కుంది. పిల్ల జడుసుకుంటది" అంది. నుదురు మొత్తం ఖాళీ చేశాం. కంటి పక్కన ఒక్క గీత, బోసి నోటికి ఒక వంపు, చెవికి పెద్ద కమ్మ, ముడి. వయసు ముఖంలో కాదు, వంగిన వీపులో చూపించాలి. కొంగు భుజం మీంచి జారే గీత ఒక్కటి నడుము దాకా తీసుకొస్తే ఆ వంపు వచ్చేస్తుంది. రెడ్‌వర్క్‌లో ముఖం మీద పెట్టే ప్రతి గీతా మనిషికి పదేళ్లు కలుపుతుంది. పిల్లవాడి ముఖంలో అయితే ముక్కు కూడా వద్దు. రెండు మూసిన కళ్లు, తెరిచిన నోరు, చెంప మీద అడ్డంగా ఒకే కుట్టుతో కన్నీరు.

చీమ, పుట్ట గడుల్లో సైజు సమస్య. గడి నిండా చీమని గీస్తే భూతంలా ఉంటుంది. చిన్నగా గీస్తే కనిపించదు. చీమ గడిలో పిల్లవాడి చెయ్యి పెద్దగా, చూపుడువేలు కొసన చీమ అంగుళం పొడవున పెట్టాను. బంగారు పుట్ట గడిలో పుట్టే హీరో. బంగారం అని తెలియడానికి ఆంటీ అక్కడ ఒక్కచోట జరీ వేయమన్నారు. పిల్ల ముఖానికి రాసుకునే దుప్పటిలో జరీ గుచ్చుకుంటుంది, నాలుగు ఉతుకులకి నల్లబడుతుంది. పుట్ట చుట్టూ పొట్టి కిరణాల గీతలు వేస్తే సరిపోయింది. కళ్లకి పూసలు, గుండీలు పెట్టమన్నా అదే కారణంతో వద్దన్నాను, ఆ వయసు పిల్లలు ఊడదీసి నోట్లో పెట్టుకుంటారు.

ఎరుపు

"అన్ని రంగులుండగా వాళ్లు ఎరుపే ఎందుకమ్మా పట్టుకున్నారు?" అని ఆంటీ అడిగారు. ఉతుకు కోసం. అప్పట్లో రంగు దారాలు చాలావరకు వేడినీళ్లు తగిలితే దిగిపోయేవి. టర్కీ రెడ్ అనే ఎరుపు మాత్రం ఉడకబెట్టినా నిలిచేది. మన మంజిష్ఠకి దగ్గరి చుట్టమైన మ్యాడర్ మొక్క వేరు నుంచి రంగు, పట్టుకోవడానికి పటిక, దానికి ముందు నూలుని నూనెలో పదేపదే నానబెట్టడం. ఈ విద్య తూర్పు మధ్యధరా దేశాల నుంచి 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కి, అక్కడి నుంచి స్కాట్లాండ్‌కి చేరింది. 1868లో జర్మనీలో గ్రేబ, లీబర్మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు వేరులోని అసలు రంగు పదార్థం అలిజరిన్‌ని ల్యాబ్‌లో తయారుచేశాక మ్యాడర్ సాగే కుదేలైంది. రెడ్‌వర్క్ జోరందుకున్నది ఆ తర్వాతి ఏళ్లలోనే.

నూనె, పటిక, వేరు అంటే మనకి కొత్తేమీ కాదు. మచిలీపట్నం కలంకారీ ఎరుపుకి చిరివేరు, పటిక. చీరాలలోనూ, హైదరాబాద్‌కి దగ్గర్లోని పుట్టపాకలోనూ నేసే తేలియా రుమాలుకి నూలుని నూనె, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి అలిజరిన్ ఎరుపు ఎక్కిస్తారు. ఆ నూనె వాసన వల్లే దానికా పేరు. పట్టీలకి ఆ రుమాలే వాడదామా అని ఒక దశలో మనసు లాగింది కూడా. కానీ అది తనంతట తాను చూడాల్సిన నేత. దాని డిజైన్ పక్కన సన్నటి గీతల బొమ్మలు నిలబడవు. పైగా అంత పనితనాన్ని అంగుళం పట్టీలుగా కత్తిరించడానికి చెయ్యి రాలేదు.

ఈ కాలం దారాల మీద "రంగు పోదు" అని రాసి ఉన్నా నేను నమ్మను. మూరెడు దారం తీసి తెల్ల గుడ్డ ముక్క మీద వదులుగా నాలుగు కుట్లు వేసి, సబ్బు కలిపిన వేడినీళ్లలో అరగంట నానేసి, తడిగానే ఇంకో తెల్ల గుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తాను. ఆంటీ ముందే కొనిపెట్టుకున్న ఎర్ర దారాల్లో రెండు ఈ పరీక్షకే గులాబీ రంగు వదిలాయి. చివరికి డీఎంసీ కంపెనీ దారాల్లో 498 నంబరు ఎరుపు తీసుకున్నాం. 321 ఎక్కువమంది వాడేది, కానీ అది తెల్ల గుడ్డ మీద కుంకుమలా మెరుస్తుంది. 498 కాస్త ముదురు, పాత దుప్పట్లలో కనిపించే ఎరుపుకి దగ్గర. ఒక లచ్చిలో ఎనిమిది మీటర్లు, ఆరు పోగులు ఉంటాయి. రెండేసి పోగులు విడదీస్తే 24 మీటర్ల కుట్టు దారం. పని మధ్యలో కొరత పడి కొత్త లాట్ తెస్తే ఎరుపు వెంట్రుకవాసి తేడా వస్తుంది, ఒకే రంగు పనిలో అది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అందుకని లాట్ నంబర్ చూసి అన్నీ ఒక్కసారే తెప్పించాను.

దారం కన్నా ఎర్ర గుడ్డతోనే ఎక్కువ టెన్షన్. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తిరిగి, నచ్చిన ఎరుపుల్లో కొద్దికొద్దిగా ముక్కలు తెచ్చుకున్నాను. షేడ్ కలుస్తోందో లేదో షాపు లోపల ట్యూబ్‌లైట్ కింద చూడకూడదు. లచ్చి పట్టుకుని గుమ్మం బయట ఎండలో చూడాలి. తెచ్చిన వాటిలో చాలావాటికి మొదటిసారి నానబెట్టగానే బకెట్ ఎర్రబడింది. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగిపోతుందని మన ఇళ్లలో అందరూ అంటారు. రంగు అద్దేటప్పుడు ఉప్పుకి పని ఉంటుంది కానీ, అద్దకం అయిపోయిన గుడ్డకి ఉప్పు వేసినా వెనిగర్ వేసినా ఒరిగేది లేదు. పట్టని రంగు బయటికి పోవాలి, అంతే. ఎంచుకున్న గుడ్డని వేడినీళ్లలో ఉతకడం, నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ ఉతకడం. ఆ తర్వాతే కత్తెర.

పట్టీలు మొదట రెండంగుళాలు అనుకున్నాం. కాగితం మీద పెట్టి చూస్తే ఎరుపంతా పట్టీలదే, బొమ్మలు వెనక్కి పోయాయి. అంగుళానికి తగ్గించాక గీతలు మళ్లీ ముందుకొచ్చాయి.

పాతకాలంగా కనిపించడానికి గుడ్డని టీ డికాషన్‌లో ముంచమని ఆంటీ అడిగారు. నేను ఒప్పుకోలేదు. టీలోని టానిన్ ఏళ్లు గడిచేకొద్దీ నూలుని బలహీనం చేస్తుంది. పాతదనం మరకలో లేదు, ఒకే రంగులో, గీతలో ఉంది.

గుడ్డ, ట్రేసింగ్, కుట్టు

మల్లు గుడ్డ పనికిరాదు. పల్చన, వెనక దారాలన్నీ ముందుకి నీడలా కనిపిస్తాయి. మంచి లాంగ్‌క్లాత్ తీసుకుని, వేడినీళ్లలో ఉతికి గంజి పోగొట్టి, కుంచించుకోవాల్సినంత కుంచించుకోనిచ్చాం. ప్రతి గడికీ వెనక బాగా ఉతికి మెత్తబడిన తెల్ల పంచె ముక్క కలిపి రెండు పొరల మీద కుట్టాం. దీనివల్ల కుట్టు బిగుతు సమంగా వస్తుంది, వెనక దారం కనపడదు. అయినా ఒక గీత నుంచి ఇంకో గీతకి పావు అంగుళం మించి వెనక నుంచి దూకకూడదు. దారం తెంపి మళ్లీ మొదలుపెట్టాలి. ముడి వేయకూడదు, కొస కుట్ల కింద దూర్చాలి. గడులు పన్నెండంగుళాలకి కత్తిరించి, కుట్టడం అయ్యాకే తొమ్మిదిన్నరకి కోశాం. రింగులో బిగించి లాగీ లాగీ అంచులు సాగుతాయి కాబట్టి ముందే కొలతకి కత్తిరించడం తెలివైన పని కాదు.

ట్రేసింగ్‌కి ఇప్పుడు అందరూ వేడికి మాయమయ్యే పెన్ను వాడుతున్నారు. ఇస్త్రీ పెట్టె తగిలితే గీత పోతుంది, హాయి. కానీ ఆ ఇంకు నిజంగా పోదు, రంగు కనపడకుండా ఉంటుందంతే. బాగా చలి తగిలితే, సున్నాకి కింద పది ఇరవై డిగ్రీల్లో, తిరిగి కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఉండే క్విల్ట్‌కి ఆ బాధ లేదు. ఇది చికాగో వెళ్లేది, అక్కడ జనవరిలో ఒక రాత్రి కారులో వదిలేస్తే చెరిపేసిన గీతలన్నీ లేచి వస్తాయి. నీళ్లకి పోయే నీలం పెన్ను ఇంకో రకం, దాని మీద పొరపాటున ఇస్త్రీ పెడితే మరక ఉండిపోతుంది. గాజు బల్ల కింద లైటు పెట్టి, గట్టి ములుకు పెన్సిల్‌తో తేలిగ్గా దించాం. కుట్టు ఆ గీతని కప్పేస్తుంది.

అంచులో చీమల బారుకి మాత్రం మగ్గం వర్క్ వాళ్ల పద్ధతే. ట్రేసింగ్ కాగితం మీద ఒక జానెడు బారు గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన నీలిమందుని గుడ్డ ఉండతో పైన రుద్దితే కింద చుక్కలు పడతాయి. దాన్నే జరుపుకుంటూ చుట్టూ వేసుకోవచ్చు. పాతబస్తీ కార్ఖానాల్లో రోజూ జరిగే పనే. 1880లలో రెడ్‌వర్క్ బొమ్మల్ని గుడ్డకి ఎక్కించిన పద్ధతుల్లోనూ ఈ చిల్లుల కాగితం, పొడి ఉన్నాయి. కిరోసిన్ ఎగిరిపోతుంది, నీలి చుక్క ఉతుకులో పోతుంది. కానీ తెల్ల గుడ్డ కాబట్టి పొడి చాలా పల్చగా కలపాలి, ముందు ఒక ముక్క మీద వేసి ఉతికి చూసుకోవాలి.

కుట్టు విషయానికొస్తే అంతా కాడ కుట్టే. లండన్‌లో 1872లో మొదలైన రాయల్ స్కూల్ ఆఫ్ ఆర్ట్ నీడిల్‌వర్క్ పనుల్ని 1876 ఫిలడెల్ఫియా ఎగ్జిబిషన్‌లో చూశాక అమెరికా ఆడవాళ్లు ఈ కుట్టుని కెన్సింగ్టన్ స్టిచ్ అని పిలుచుకున్నారు. మూరెడు దారం, అంతకు మించితే నూలు పోచలు లేస్తుంది. ఆరు పోగుల్ని ఒక్కొక్కటిగా లాగి, రెండు కలిపి సూదిలో ఎక్కించాలి. జంటగా లాగితే మెలి పడుతుంది. తిన్నటి గీతల్లో కుట్టు మూడు మిల్లీమీటర్లు, వంపుల్లో రెండు. దారం ఎప్పుడూ సూదికి ఒకే పక్కన ఉండాలి. మధ్యలో పక్క మారితే తాడు మెలిక విరిగినట్టు అక్కడ గీత తెగిపోయి కనిపిస్తుంది. రింగుని రాత్రి పూట తీసేయాలి, లేకపోతే గుండ్రటి మడత నిలిచిపోతుంది.

అక్షరాల దగ్గర కాడ కుట్టు లొంగలేదు. తెలుగు అక్షరాలు గుండ్రం కాబట్టి దీనికి బాగా కుదురుతాయని నేనూ అనుకున్నాను. పెద్ద వంపుల వరకు నిజమే. తలకట్టు తిరిగే మూల, ఒత్తుల లోపలి చిన్న సున్నాలు కాడ కుట్టులో పూడుకుపోతాయి. అక్కడ బ్యాక్ స్టిచ్ ఒంటి పోగుతో. అక్షరం ముప్పావు అంగుళం కన్నా తగ్గితే ఒత్తు చదవలేం. "ఆవు మేయలేదు" ఒక్క వరుసలో హాయిగా పట్టింది. "గడ్డిమోపు అడ్డమొచ్చింది" మాత్రం ప్రాణం తీసింది. రెండు డ ఒత్తులు, ఒక చ ఒత్తు, కింద జాగా లేదు. దాన్ని రెండు వరుసలు చేసి, మోపు బొమ్మని అరంగుళం పైకి జరిపాం. పాపకి ఇంకా చదవడం రాదు, ఆ మాటకొస్తే తెలుగు చదవడం ఎప్పటికి వస్తుందో తెలీదు. అయినా బొమ్మ కింద ఆ మాట ఉండాలని ఆంటీ పట్టుబట్టారు. నాకూ అదే సబబనిపించింది.

చీమలు బంగారు పుట్ట గడి కింద మొదలై అంచు చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వస్తాయి. ఒక్కో చీమకి మూడు ముడి కుట్లు: తలకి ఒక చుట్టు, నడుముకి ఒక చుట్టు, వెనక భాగానికి రెండు చుట్లు. కాళ్లు ఒంటి పోగుతో ఆరు పొట్టి కుట్లు. దగ్గరగా చూస్తేనే కాళ్లున్నాయని తెలుస్తుంది. "గింత సన్నగ ఎవలు చూస్తరక్కా, నాలుగు కాళ్లేస్తే సాలదా?" అని మా చేతి కుట్టు ఆమె గొణిగింది, అయినా ఆరే వేసింది. చీమల ముఖాలన్నీ ఒకే వైపు కాకుండా, మధ్యలో ఒకటి రెండు ఎదురొచ్చి ఆగినట్టు పెట్టాం. ఆ ఆలోచన ఆమెదే.

కూర్పు, ఉతుకు

ప్రతి గడినీ కలపకముందే విడిగా ఉతికాం. రంగు దిగితే ఒక గడి పోతుంది, క్విల్ట్ పోదు. తడి గుడ్డని మడతపెట్టి ఉంచకూడదు, వెంటనే నీడన పరిచి ఆరేయాలి. ఇస్త్రీ టర్కీ టవల్ మీద బోర్లా వేసి చేస్తే కుట్టు అణగకుండా పైకి తేలి నిలుస్తుంది.

లోపలి పొరకి ఆంటీ బాగా ఉబ్బుగా ఉండేది అడిగారు, అక్కడ చలి కదా అని. ఉబ్బు ఎక్కువైతే గీతలు గుంటల్లో పడి బొమ్మ ఆకారం చెదురుతుంది. పాత రెడ్‌వర్క్ దుప్పట్లు చాలావాటికి లోపల దూదే ఉండదు, రెండు పొరలే. మేం పల్చటి కాటన్ బ్యాటింగ్ వేశాం. పట్టీల వెంట మిషన్ కుట్టు, బొమ్మల చుట్టూ పావు అంగుళం దూరంలో తెల్ల దారంతో చేతి రన్నింగ్ స్టిచ్. ఇది బొంత కుట్టే. అందుకే ఈ భాగంలో నేను చెయ్యి పెట్టలేదు, ఆ చేతి కుట్టు ఆమెకే వదిలేశాను.

వెనక గుడ్డగా తన పాత నారాయణపేట చీర వేయమని ఆంటీ తెచ్చారు. ముదురు మెరూన్. ముందు వైపు తెలుపులోంచి నీడ కొడుతుంది, ఏదో ఒక ఉతుకులో రంగు దిగే ప్రమాదం ఎలాగూ ఉంది. ఆవిడ కొంచెం చిన్నబుచ్చుకున్నారు. ఆ చీరతో క్విల్ట్ పెట్టుకునే సంచి కుట్టి ఇచ్చాను. ప్లాస్టిక్ కవర్లో దాచేకన్నా గుడ్డ సంచి ఎలాగూ మంచిదే, గాలి ఆడుతుంది.

ఇలాంటి పని ఒప్పుకునేవాళ్లకి రేటు గురించి ఒక మాట. నేను బొమ్మలు గీయడానికి వేరే, ఒక్కో గడి కుట్టుకి వేరే, కూర్పుకి వేరే లెక్క వేస్తాను. గంటల లెక్కన చెప్తే కస్టమర్ కంగారు పడతారు. అన్నీ కలిపి ఒకే అంకె చెప్తే గీతల పని ఉచితంగా పోతుంది. పట్టీలు మార్చినా, రంగు మార్చినా పెద్ద తేడా ఉండదు. కుట్టడం మొదలుపెట్టాక బొమ్మ మారిస్తే మాత్రం ఆ గడి మళ్లీ మొదటి నుంచే. అందుకే స్కెచ్ పెన్ డ్రాయింగులు పన్నెండూ ఆంటీ చేత సంతకం పెట్టించుకుని మరీ మొదలుపెట్టాను.

క్విల్ట్ చేరాక వాళ్ల వియ్యపురాలు వీడియోలో చూసి, రెండో మనవడికి ఇంకోటి కావాలన్నారు. వాళ్లది తెనాలి వైపు. అన్ని బొమ్మలూ అవే ఉంచమన్నారు, జీతగాడు మాత్రం వద్దట, గొల్లవాడు కావాలట. బొమ్మ మార్చక్కర్లేదు, కింద అక్షరాల కాగితం ఒక్కటి కొత్తగా రాసుకుంటే చాలు. దానికి ఒక్క ల ఒత్తే కాబట్టి ఒకే వరుసలో పట్టేస్తుంది.